లిస్టులో లేని ఇద్దరు

తలలు లెక్కపెట్టడంలో ఆ గైడుని మించినవాడు ఈ భూమ్మీద ఇంతవరకూ పుట్టలేదు, ఇక పుట్టబోడు. నిద్రలో సీటులోకి జారిపోయిన తల, వంగి చెప్పు వెతుక్కుంటున్న తల, పక్కవాళ్ళ భుజమ్మీద వాలి రెండూ కలిసి ఒకటిగా కనబడే తలలు, ఏవీ అతని కన్ను దాటిపోలేదు. టూరు బస్సుల చరిత్ర మొత్తంలో ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఏ ఊళ్ళోనూ వదిలేసి రాని గైడు అతనొక్కడే. అప్పటికి అతను ఉద్యోగంలో చేరి ఐదు వారాలైంది. వారానికి ఒకటే ట్రిప్పు. అందులో ఒక వారం జ్వరం.

మిగిలిన నాలుగు ట్రిప్పుల్లో మాత్రం లెక్క తప్పలేదు. ఎవరి గొప్ప వాళ్ళకివ్వాలి.

బస్సు గురువారం పొద్దున్న ఆరున్నరకి బయల్దేరుతుంది. ముప్ఫై ఆరు సీట్లు. ఆఫీసు గుమాస్తా ఇచ్చిన లిస్టుని అట్టకి క్లిప్పు పెట్టుకుని, గైడు చివరి వరస నుంచి ముందుకి లెక్కపెడుతూ వస్తాడు. ముందునుంచి వెనక్కి వెళితే, మధ్యలో ఎవరో ఒకరు లేచి పైనున్న సంచీ సర్దుకుని లెక్క చెడగొడతారని అతని సిద్ధాంతం. ముప్ఫై ఆరు కాగానే తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "పోనీ మావయ్యా" అంటాడు.

డ్రైవరు అతనికి సొంత మేనమామ. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే, ఇప్పించినందుకు వారానికోసారి విచారించేదీ ఆయనే.

"ఎంతమందిరా, లెక్కల మాస్టారూ?"

"ముప్ఫై ఆరు."

"నన్ను కలిపా, కలపకుండానా?"

"నువ్వు లిస్టులో లేవు మావయ్యా."

"ముప్ఫై ఏళ్ళుగా లేనులే. బస్సులో ఉన్నాను, అది చాలు."

ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక్కరోజు సెలవు పెట్టలేదు. దారిలో ఎక్కడా సీటు దిగింది కూడా లేదు. అందరికంటే ముందు డిపోకి వచ్చి ఎక్కి కూర్చుంటాడు, సాయంత్రం అందరూ దిగి ఇళ్ళకి పోయాక దిగుతాడు. ఎవరైనా అడిగితే, "డ్రైవరు సీటు వదిలితే బస్సు అనాథైపోతుంది" అనేవాడు. అసలు సంగతి మేనల్లుడికి తెలుసు. మావయ్య ఎడమకాలు కుడికాలి కంటే రెండంగుళాలు పొట్టి. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ రెండంగుళాలూ పట్టుకుపోయింది. క్లచ్చు మీద ఉన్నంతసేపూ ఆ సంగతి క్లచ్చుకి కూడా తెలీదు. నేల మీద అడుగు పెడితే మాత్రం మనిషి గాలికి పడవ ఊగినట్టు ఓ పక్కకి ఒరిగి లేస్తాడు. సీటులో రాజు, మెట్టు దిగితే సిగ్గు.

దారి ఎప్పుడూ ఒకటే. మొదట గంటస్తంభం ఊరు. అక్కడ గంట పది కొట్టేలోపు అందరూ ఫోటోలు తీసుకోవాలి. తరవాత పొద్దుతిరుగుడు చేల మధ్య నుంచి కొండదారి. కొండ మలుపులో ఓ చిన్న సరస్సు. ఆ పైన కోట ఊరు. మళ్ళీ అదే దారిన వెనక్కి.

సరస్సు అని బ్రోషర్లో రాశారు గానీ, నిజం చెప్పాలంటే అది కాస్త పెద్ద గుంట. దాని ఒడ్డున ఎవరూ యుద్ధం చెయ్యలేదు, అందులో ఏ రాణీ దూకలేదు. చెప్పడానికి చరిత్ర లేదు కాబట్టి పాత గైడులందరూ ఆ మలుపులో మంచినీళ్ళు తాగేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట ఓ ఎండాకాలం అది బాగా ఎండి, మధ్యలో బొచ్చెడు నీళ్ళు మిగిలి, వాటిలో రెండు బాతులు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుని ఉంటే, డ్రైవరు బస్సాపాడు. రేడియేటరు కోసం పెట్టుకున్న క్యాను కిటికీలోంచి అప్పటి గైడుకి అందించి, "పొయ్యి" అన్నాడు. నీళ్ళన్నీ సరస్సులో పోయించాడు.

ఆ మరుసటి వారం నుంచి సరస్సు బస్సు వెనకాల రావడం మొదలుపెట్టింది.

రోడ్డుకి ఎడమపక్కన, బస్సుకి ఓ యాభై గజాల వెనక, బుద్ధిగా వచ్చేది. బాతులు దాని మీదే కూర్చుని వచ్చేవి. ఎక్కడం ఆలస్యమైన బాతు వెనకాల రోడ్డు మీద గోల చేస్తూ నడిచి వచ్చేది. నిండుకుండ తొణకదంటారు. నిండు సరస్సు మలుపుల దగ్గర కాస్త తొణికేది. అందుకని డ్రైవరు అద్దంలో చూసుకుంటూ మలుపుల్లో స్పీడు తగ్గించేవాడు. కోట ఊళ్ళో బస్సులు నిలిపే ఆవరణలో కాపలావాడు ఈల వేసి, "రానీ రానీ, ఎడమకి కొట్టు, చాలు" అంటూ దాన్ని బస్సు పక్కన ఆపించేవాడు. రెండు కార్ల చోటు పట్టేది. సాయంత్రం తిరుగుదారిలో కొండ మలుపు రాగానే తన చోటులో తను దిగిపోయేది.

దానికీ లిస్టులో పేరు లేదు కాబట్టి గైడు దాన్ని లెక్కపెట్టేవాడు కాదు.

ఆ ఎండాకాలంలోనే ఇంకోటి జరిగింది. క్యాను నీళ్ళన్నీ సరస్సుకి పోసేశాక కోట ఊరు చేరేసరికి ఇంజను పొయ్యి మీద గిన్నెలా ఉడుకుతోంది. ఆవరణలో పసుపు గోడ పక్కన గొడుగులు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉంది. కోట ఎక్కేవాళ్ళకి ఎండకి పట్టుకెళ్ళమని పసుపు గొడుగులు ఇస్తారు. ఆ కొట్టావిడ బకెట్టు నీళ్ళు తెచ్చి, డ్రైవరు కిటికీ కింద నిలబడి తలెత్తి చూసింది.

"ఎక్కడ పొయ్యమంటారు? మీకా, బస్సుకా?"

"ముందు దానికి పొయ్యండి. నాకు మిగిల్తే చూద్దాం."

మిగలలేదు. మరుసటి వారం ఆవిడ ఫ్లాస్కుతో టీ తెచ్చింది.

అలా పదకొండేళ్ళు. ప్రయాణికులు కోట చూసి వచ్చే గంటంబావు సేపూ, ఆయన పైన సీటులో, ఆవిడ కింద స్టూలు మీద. విరిగిన గొడుగులు ఆవిడ పైకి అందిస్తే, ఆయన పట్కారుతో పుల్లలు సరిచేసి, స్టీరింగుకి ఒక్కొక్కటే తగిలించేవాడు. ఆవిడ కింద కూర్చుని చిరిగిన గుడ్డ కుట్టేది. ఆవిడకి యాభై దాటాయి. ఇల్లూ కొట్టూ ఒకటే, తోడు ఓ కుట్టుమిషను. పదకొండేళ్ళలో ఆవిడ ఆయన్ని నడుం నుంచి పైకే చూసింది.

"మీకు కాళ్ళున్నాయా అసలు? లేకపోతే సీటుతో పాటే ఫిట్ చేశారా?" అనేది.

"ఉన్నాయండీ. డ్యూటీలో ఉన్నాయి."

"వాటికి ఎప్పుడూ సెలవుండదా?"

ఆయన పట్కారుతో ఇంకో పుల్ల వంచేవాడు.

ఇదంతా చూసి మేనల్లుడికి ఒళ్ళు మండేది. తిరుగుదారిలో మైకు ఆపేసి, డ్రైవరు సీటు పక్కన చేరి సాధించేవాడు.

"నేను తలలు లెక్కపెట్టడానికి రెండు నిమిషాలు. నువ్వు మీనమేషాలు లెక్కపెట్టడానికి పదకొండేళ్ళా మావయ్యా? ఒక్కసారి కిందకి దిగు."

"దిగి?"

"దిగి మాట్లాడు."

"మాట్లాడుతూనే ఉన్నాంగా."

"గొడుగు పుల్లల గురించి."

"అవే విరుగుతున్నాయిరా మరి, నేనేం చెయ్యను?" అని గేరు మార్చి, రోడ్డు చూస్తూ అన్నాడు ఓసారి. "సీటులో ఉన్నంతసేపూ ఆవిడకి నేనో మనిషిని. దిగితే ఓ నడకని. ఆ తేడా నీకు తెలీదులే, ఊరుకో."

గైడు ఊరుకున్నాడు. అతను ఊరుకోవడం అరుదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

ఐదో ట్రిప్పు నాటి పొద్దున్న గుమాస్తా లిస్టుతో పాటు ఇంకో కాగితం ఇచ్చాడు. కొండ అవతల కొత్త రోడ్డు తయారైంది. వచ్చే గురువారం నుంచి బస్సు ఆ దారిన వెళుతుంది. కోట ఊరు తీసేశారు. దాని బదులు పెద్ద దుకాణాల సముదాయం దగ్గర గంటన్నర ఆపుతారు, అక్కడ మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయని ప్రయాణికులు సంతోషిస్తారట.

డ్రైవరు కాగితం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇవాళే ఆఖరా?" అన్నాడు గైడు.

"చదవడం వచ్చుగా నీకు."

"ఆవిడకి చెప్పాలిగా."

"నేను చెప్తాను. నువ్వు నోరు కుట్టుకో. ఆవిడ ముందు ఒక్క మాట జారినా, కొండ మీద దింపేసి వస్తాను. లెక్క తప్పితే తప్పింది."

ఆ బెదిరింపు పనిచేసింది.

ఆవేళ గంటస్తంభం ఊళ్ళో ఎవరో బస్సు ముందు నిలబడి ఫోటో తీసుకుంటుంటే డ్రైవరు హారన్ కొట్టలేదు. మామూలుగా అయితే హారన్ కొట్టి వాళ్ళు ఉలిక్కిపడితే నవ్వడం ఆయనకి సరదా. గైడు మాత్రం మైకులో రెండింతలు మాట్లాడాడు. లోపల ఉన్న మాట బయటికి రాకుండా ఉండాలంటే దాని మీద వేరే మాటలు పొయ్యాలి మరి. ముందు సీటులో రిటైరైన భూగోళం మాస్టారు ఒకాయన, ఒళ్ళో మ్యాపు పరుచుకుని, అతని ప్రతి మాటా దిద్దుతున్నాడు.

"కోట పదిహేనో శతాబ్దంది కాదు బాబూ. పదహారు."

"ఓ శతాబ్దం అటూ ఇటూ అయితే కోట ఏమన్నా అనుకుంటుందా మాస్టారూ?"

"కోట అనుకోదు. నేను అనుకుంటాను."

కొండ మలుపు దగ్గర సరస్సు ఎప్పట్లాగే రోడ్డు మీదకొచ్చి వెనక చేరింది. మాస్టారు వెనక్కి తిరిగి చూసి, మ్యాపు మీదున్న నీలం చుక్కని రబ్బరుతో తుడిచి, పెన్సిలుతో రోడ్డు మీద చిన్న చుక్క పెట్టుకున్నాడు. పక్క సీటు పెద్దావిడ, "దానికి తొందరేం లేదు కదా, కాస్త మెల్లిగా పోనిమ్మనండి" అంది. డ్రైవరు అప్పటికే మెల్లిగా పోనిస్తున్నాడు. ఆవేళ ఎంత మెల్లిగా పోనిచ్చాడంటే, ఎదురుగా గడ్డి మోపుతో నడిచి వస్తున్న మనిషి బస్సుని పలకరించి, కుశలం అడిగి, జవాబు విని మరీ వెళ్ళాడు. ఆఖరిసారి వెళుతున్న దారిని ఎవరూ తొందరగా దాటెయ్యరు.

కోట ఊరు చేరేసరికి ఆకాశం నిండా మబ్బు. వాన మబ్బు కాదు, ఊరికే నీడ పట్టే మబ్బు. ఎండ లేదు కాబట్టి ఎవరూ గొడుగు తీసుకోలేదు. కొట్టావిడ ఖాళీగా ఉండటం దేనికని నలభై గొడుగులూ విప్పి, గాలి తగలాలని ఆవరణంతా పరిచి పెట్టింది. పసుపు గోడ, పసుపు గొడుగులు, మధ్యలో ఈ బస్సు. ఫ్లాస్కు పట్టుకుని కిటికీ కిందకి వచ్చింది.

"ఏంటి, ఇవాళ మొహం అలా వేలాడేశారు? క్లచ్చేమైనా అలిగిందా?"

"ఏం లేదండీ" అని డ్రైవరు టీ గ్లాసు అందుకున్నాడు. "ఆ మూలనున్న గొడుగు పుల్ల విరిగినట్టుంది. ఇలా అందించండి."

గైడు పళ్ళు కొరుక్కుని, ముప్ఫై ఆరుమందినీ వెంటబెట్టుకుని కోట ఎక్కాడు.

రెండువందల పన్నెండు మెట్లు. బురుజు మీద నిలబడి, శత్రువులు ఎటునుంచి వచ్చారో చెయ్యి చాపి చూపిస్తూ, చెయ్యి ఒకవైపూ చూపు ఒకవైపూ పెట్టాడు. కిందకి చూస్తే ఆవరణ అరచేతంత కనిపిస్తోంది. బస్సు పైకప్పు. పక్కన సరస్సు. విచ్చుకున్న గొడుగులు. కిటికీ కింద స్టూలు మీద ఆవిడ. చేతికి అందించడం, పైనుంచి తీసుకోవడం. అలాగే గంట గడిచిపోతుందని గైడుకి అర్థమైపోయింది. మావయ్య ఆ కాగితాన్ని జేబులోనే పెట్టుకుని కొండ దిగిపోతాడు. మరుసటి గురువారం ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని ఖాళీ చోటులో నిలబడుతుంది.

"శత్రువులు తూర్పు నుంచి వచ్చారు బాబూ, నువ్వు పడమర చూపిస్తున్నావు" అన్నాడు మాస్టారు.

"చుట్టు తిరిగి వచ్చారు మాస్టారూ" అన్నాడు గైడు, కిందకే చూస్తూ.

సరస్సు కదిలింది.

ముందు ఓ కొస మాత్రం, పిల్లి కాలు చాపినట్టు, బస్సు చక్రాల కిందకి చాపింది. తరవాత మిగతాది. కాపలావాడు ఈల వేశాడు గానీ, అది ఈసారి లక్ష్యపెట్టలేదు. మెల్లిగా, చప్పుడు లేకుండా ఆవరణంతా పరుచుకుంది. మోకాలి లోతు, అంతకుమించి లేదు. విప్పి పెట్టిన గొడుగులు ఒక్కొక్కటే తిరగబడి తేలాయి. నలభై పసుపు గొడుగులు, బోర్లా ఉన్నవి వెల్లకిలా అయి, గుండ్రంగా తిరుగుతూ నాలుగు దిక్కులకీ బయల్దేరాయి. ఒకదాంట్లో ఓ బాతు ఎక్కి కూర్చుంది.

కొట్టావిడ స్టూలు దిగి, చీర కాస్త పైకి దోపుకుని గొడుగుల వెంట పడింది. ఒకటి పట్టుకుంటే రెండు జారిపోతున్నాయి. నవ్వుతోందో, అరుస్తోందో అంత ఎత్తునుంచి తెలియలేదు. ఆవిడ మాటిమాటికీ బస్సువైపు చెయ్యి ఊపడం మాత్రం తెలిసింది.

బస్సు ముందు తలుపు తెరుచుకుంది.

గైడు బురుజు గోడ మీదకి వంగిపోయాడు. మావయ్య మెట్టు మీద నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఆయన ఎదురుగానే, మరీ దగ్గరగా, అప్పుడే ఆయన బాగుచేసిన గొడుగు ఒకటి తేలుతూ పోతోంది. చెయ్యి చాపితే జానెడు దూరంలో ఆగుతోంది. చాపాడు. మళ్ళీ చాపాడు. గొడుగు ఇంకో జానెడు జరిగింది. ఆయన పొట్టికాలు ముందు పెట్టి నీళ్ళలోకి దిగాడు.

ఇక్కడ ఓ చిన్న సంగతి చెప్పాలి. మోకాలి లోతు నీళ్ళలో నడిచిన వాళ్ళెవరికైనా ఇది తెలుసు. నీళ్ళలో అందరూ ఒకేలా నడుస్తారు. ఓ పక్కకి ఒరిగి, చెయ్యి గాల్లో ఆనించుకుని, కాలు పెరికి ఇంకో పక్కకి ఒరిగి. రాజైనా అంతే, కాపలావాడైనా అంతే. కొట్టావిడ ఒరుగుతూ ఒక గొడుగు వెంట, డ్రైవరు ఒరుగుతూ ఇంకో గొడుగు వెంట. పైనుంచి చూస్తే ఇద్దరిలో ఎవరి కాలు పొట్టో పందెం కట్టినా ఎవరూ చెప్పలేరు. ఇద్దరి చంకల్లోనూ మూసిన గొడుగులు చేరుతున్నాయి. ఒకచోట ఇద్దరూ ఒకే గొడుగు పట్టుకుని ఆగారు. మావయ్య జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇవ్వడం గైడు చూశాడు. ఆవిడ చదివింది. చదివి, దాన్ని పడవలా మడిచి నీళ్ళలో వదిలేసింది.

"ఇంకెంతసేపు బాబూ?" అంది పెద్దావిడ వెనకనుంచి. "శత్రువులు వెళ్ళిపోయినట్టున్నారు."

గైడు అందర్నీ మెట్లు దింపాడు. ఆవరణ గేటు దగ్గర అందరూ చెప్పులు చేత పట్టుకుని, పాంట్లు మడిచి, చీరలు ఎత్తి పట్టుకుని, వెచ్చగా ఉన్నాయనుకుంటూ నీళ్ళలో ఒరుగుతూ ఒరుగుతూ బస్సెక్కారు. గైడు అట్ట పుచ్చుకుని చివరి వరస నుంచి మొదలెట్టాడు. తడికాళ్ళు తుడుచుకోడానికి వంగిన తలల్ని కూడా ఒడుపుగా పట్టుకున్నాడు. ముప్ఫై ఆరు. అంత కష్టమైన రోజున అంత శుద్ధమైన లెక్క అతనికి అంతకుముందెప్పుడూ రాలేదు. గర్వంగా తలుపు మూశాడు. రెండు దెబ్బలు కొట్టాడు.

"పోనీ మావయ్యా."

బస్సు కదల్లేదు.

"మావయ్యా, పోనీ."

ముందు వరసలో మాస్టారు దగ్గాడు. "బాబూ, నువ్వు చెబుతున్నది ఎవరికి?"

డ్రైవరు సీటు ఖాళీ. స్టీరింగుకి ఓ పసుపు గొడుగు వేలాడుతోంది.

గైడు ఆ సీటులోకి ఎక్కి కిటికీలోంచి తల బయటపెట్టాడు. కిటికీ కింద మావయ్య. పక్కన కొట్టావిడ. వాళ్ళున్న చోట నీళ్ళు అప్పటికే వెనక్కి తగ్గి, తడి బండలు పైకి తేలాయి. పదకొండేళ్ళుగా మావయ్య ఉన్న చోట మేనల్లుడు, ఆవిడున్న చోట మావయ్య.

"దిగానురా" అన్నాడు మావయ్య.

"కనబడుతోంది. ఎక్కు మరి."

"ఎక్కను. ముప్ఫై ఏళ్ళ సెలవులున్నాయి నాకు. ఇవాళ మధ్యాహ్నం నుంచి మొదలు."

"ముప్ఫై ఆరుమందిని కొండ మీద పెట్టుకుని సెలవేంటి మావయ్యా? నాకు సైకిలే సరిగ్గా రాదు. అత్తయ్యా, మీరైనా చెప్పండి."

అది నోరు జారిన మాట. కొట్టావిడ గొడుగుల మోపు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"అత్తయ్యంటే నాకింకా అలవాటు కాలేదు, కాస్త ఆగు" అంది. తరవాత మావయ్యవైపు తిరిగింది. ఆయన బండ మీద నిలబడి, బరువు కుడికాలి మీద వేసి, ఎడమకాలు కనబడకుండా వెనక్కి పెట్టుకోడానికి తంటాలు పడుతున్నాడు. "ఏదీ, అక్కడిదాకా నడవండి చూద్దాం."

మావయ్య మొహం పాలిపోయింది. పసుపు గోడ పన్నెండడుగుల దూరం. మావయ్య నడిచాడు. పొడి బండల మీద, ఒరిగి లేస్తూ, ఒరిగి లేస్తూ. గోడ ముట్టుకుని అక్కడే నిలబడ్డాడు, వెనక్కి తిరగకుండా.

"ఓహో" అందావిడ. "ఆ సీటు నుంచి ఇక్కడికి రావడానికి పదకొండేళ్ళు ఎందుకు పట్టిందో ఇప్పుడర్థమైంది. ఇంత మెల్లిగా నడిస్తే పట్టదూ మరి."

మావయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాడు మేనల్లుడు. తిరిగాక చూస్తే నవ్వు. ఆ మనిషి అలా నవ్వడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"లెక్క సరిపోయిందా?" అన్నాడు మావయ్య గోడ దగ్గర్నుంచే.

"సరిపోయింది."

"ముప్ఫై ఆరూ ఉన్నారా?"

"ఉన్నారు."

"మరింకేం? నేను లిస్టులో లేనుగా. పోనీ."

గైడు నోరు తెరిచేలోపు బస్సు చిన్నగా ఊగింది. ఆవరణంతా పరుచుకున్న సరస్సు అంచులు దగ్గరికి లాక్కుంటూ, పరుపు చుట్టుకున్నట్టు చుట్టుకుని బస్సు కిందకి చేరింది. చక్రాలు నేలని వదిలాయి. కాపలావాడు ఈల వేసి, "రైట్, రైట్, కుడికి కొట్టు, పోనీ" అన్నాడు. బస్సు గేటు దాటింది. కొండదారి పట్టింది.

ఆ ప్రయాణం గురించి ఎక్కినవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. కడుపులో చల్ల కదలకపోవడం అంటే ఏమిటో వాళ్ళకి ఆవేళ తెలిసింది. మలుపుల్లో ఎవరి భుజం ఎవరికీ తగల్లేదు. కిటికీల పక్కన బాతులు నడుస్తున్నంత నింపాదిగా వచ్చాయి. మబ్బు విడిపోయి, పొద్దుతిరుగుడు చేలు సాయంత్రపు ఎండలో బస్సు వెళుతున్న వైపే తిరిగి చూశాయి. సగం మంది నిద్రపోయారు. పెద్దావిడ, "ఈ కొత్త డ్రైవరు చెయ్యి తేలిక. ముందాయన కంటే మెత్తగా నడుపుతున్నాడు" అని మాస్టారుతో అంది. మాస్టారు మ్యాపులో పెన్సిలు చుక్కని బస్సు కిందకి జరుపుతూ తలూపాడు.

కొండ మలుపు వచ్చింది. తన చోటు వచ్చినా సరస్సు దిగలేదు. డిపో దాకా తెచ్చి, ఆరో నంబరు గీతల మధ్య బస్సుని దించి, అప్పుడు వెనుదిరిగింది. రోడ్డు వారన ఎడమపక్కగా, తనొక్కతీ. గుమాస్తా వచ్చి డ్రైవరేడీ అని అడిగితే గైడు అట్ట చూపించాడు. లిస్టులో ఉన్న పేర్లన్నిటికీ టిక్కులున్నాయి. గుమాస్తా ఎన్నిసార్లు చూసుకున్నా అందులో తప్పు దొరకలేదు. లెక్క తప్పలేదు, మనిషి తప్పాడు, అంతే.

బస్సు ఇప్పుడు కొత్త రోడ్డు మీద వెళుతోంది. మరుగుదొడ్లు శుభ్రంగానే ఉన్నాయి. కోట ఊళ్ళో పసుపు గోడ పక్కన కొట్టులో స్టూళ్ళు రెండయ్యాయి. మావయ్య పుల్లలు వంచుతాడు, అత్తయ్య గుడ్డ కుడుతుంది. ఆవిడకి ఆ పిలుపు అలవాటైంది. గురువారాలు బస్సు రాకపోయినా సరస్సు తనంతట తను కొండెక్కి వస్తుంది. కాపలావాడు దాని చోటు ఎవరికీ ఇవ్వడు. మధ్యాహ్నం పని లేనప్పుడు ఇద్దరూ దాంట్లో మోకాలి దాకా దిగి, ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తారు. ఆవిడ నడకని ఆయన వెక్కిరిస్తాడు.

ఇదంతా నాకెలా తెలుసని అడుగుతారు. ఆ గైడుని నేనే. డ్రైవరు లేని బస్సుని, ముప్ఫై ఆరుమందితో, పదిహేడు మలుపుల కొండదారిలో ఒంటిచేత్తో దింపిన మొనగాణ్ణని ఇన్నాళ్ళూ ఎవరు వినిపించుకుంటే వాళ్ళకి చెప్పుకున్నాను. మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ అదే నమ్ముతున్నారు. మొన్న సరస్సు పక్కన కూర్చుని ఎవరికో ఇదే చెబుతుంటే, అది నా మొహాన చిన్నగా నీళ్ళు చిలకరించింది. అందుకని చెప్పేస్తున్నాను.

నేను స్టీరింగు పట్టుకున్న మాట నిజం. రెండు చేతులతో పట్టుకున్నాను. డిపో దాకా కళ్ళు మూసుకునే పట్టుకున్నాను. మలుపుల దగ్గర హారన్ మోగించాను కదా అని గొప్పగా చెబుతుంటానే, అది కూడా నేను కొట్టింది కాదు. భయానికి వణుకుతుంటే మోచెయ్యి తగిలి మోగింది.